పాసంగం రాయి

వందలో అరవై ఏడు పోయాయి. ఎక్కడెక్కడ పోయాయో వరసగా చెప్పగలను. రేఖాగణితంలో ఇరవై నాలుగు: నిరూపణలు నాకు బట్టీ రావు, అర్థమయ్యే దాకా చెప్పినవాళ్లూ లేరు. నిర్మాణాల్లో పది: నా దగ్గరున్న వృత్తలేఖిని మర వదులై, గీసిన వృత్తం మొదలుపెట్టిన చోటికి తిరిగి రాలేదు. సగటు, మధ్యగతం ప్రశ్నలో ఎనిమిది: చేతిలో పెన్ను కదులుతుండగానే గంట కొట్టారు. తొందరలో చేసిన కూడికలకు తొమ్మిది. అసలు తెరిచి చూడని పాఠాలకు పద్నాలుగు. ఇవన్నీ కలిపితే అరవై అయిదు. ఈ అరవై అయిదు మీద నాకు ఎవరితోనూ తగాదా లేదు. అవి నేను పోగొట్టుకున్నవి, నా ఖాతాలోనివే. మిగిలిన రెండు మాత్రం నేను పోగొట్టుకోలేదు. అవి నా దగ్గరే ఉండగా తీసుకున్నారు. తొమ్మిదో తరగతి పెద్ద పరీక్షలో లెక్కల్లో నాకు వేసినవి ముప్పై మూడు. పాసు కావాలంటే ముప్పై అయిదు. ఆ రెండింటితో పాటు పదో తరగతి పోయింది, కిటికీ పక్కన బెంచీ మీద నా చోటు పోయింది, పొద్దున్నే పుస్తకాల సంచి భుజానికి తగిలించుకుని బయటికి నడిచే హక్కు పోయింది. ఇన్నేళ్లలో ఈ సంగతి చెప్పినప్పుడల్లా విన్నవాళ్లు నవ్వి, రెండు మార్కులేగా అన్నారు. రెండే. నేనూ రెండనే అంటున్నాను. ఒక్కటి కూడా ఎక్కువ అడగడం లేదు.

ఈ వేసవిలో ఎల్లారెడ్డిలో మా తమ్ముడు లింగం పాత పెంకుటిల్లు విప్పించాడు. అదే జాగాలో స్లాబు వేసుకుంటున్నాడు. విప్పే ముందు అటక మీద సామాను దించుతూ కామారెడ్డిలో ఉన్న నాకు ఫోన్ చేశాడు. "అక్కా, అవ్వ రేకు సందుగ దొరికింది. తుప్పువట్టిన తరాజు ఉన్నది, ఓ రాయి ఉన్నది. పాత ఇనుపోనికి ఏసెయ్యమంటవా?" అన్నాడు. "తరాజు సంగతి తర్వాత. రాయి పారేసినవో, వచ్చి నీ కాళ్లు ఇరగ్గొడుత," అన్నాను. "రాయి కోసం కాళ్లు ఇరగ్గొడ్తవా? నీకేమన్న పిచ్చా?" అని వాడు నవ్వాడు. వాడికి తెలియదు. నేను తొమ్మిదిలో ఉన్నప్పుడు వాడికి ఇంకా పాలపళ్లు ఊడలేదు. ఆ మధ్యాహ్నమే బస్సెక్కాను. తాడ్వాయి దాటాక రోడ్డు పక్కన ఆరబోసిన వడ్లు చూస్తూ కూర్చున్నాను గానీ మనసంతా ఆ రాయి మీదే ఉంది. రాయి మీద అంటే రాయి మీద కాదు. దానికి చుట్టి ఉండాల్సిన కాగితం మీద.

అవ్వ అంటే మా బాపు తల్లి, బూదవ్వ. ఆమె చింతపండు అమ్మేది. ఎండలు ముదిరే ముందే చుట్టుపక్కల ఊళ్లలో చింతచెట్లు గుత్తకు మాట్లాడుకునేది. కాయ దింపి ఇంటికి తెస్తే మా నడిమింట్లో అడుగు పెట్టడానికి చోటుండేది కాదు. ఎండిన కాయల పెంకు ఒలవడం పిల్లల పని, బండ మీద పెట్టి కొట్టి గింజ తీయడం ఆడవాళ్ల పని, ఈనె లాగి ముద్దలు చేసి గంపకెత్తడం అవ్వ ఒక్కతే చేసే పని. ఆ పనిలో ఇంకొకరి చెయ్యి పడనిచ్చేది కాదు. ఇల్లంతా పులుపు వాసన. తాగే నీళ్లకూ అదే వాసన, తలకింద దిండుకూ అదే. దానికి తోడు మా అమ్మ ఒక మూలన కూర్చుని బీడీలు చేసేది. తడిబట్టలో చుట్టిన తునికాకు వాసన, తంబాకు ఘాటు, చింతపండు పులుపు, ఈ మూడూ కలిసి మా ఇంటికి ఒక వాసన ఉండేది. స్కూల్లో పక్క పిల్ల నా నోట్‌బుక్ వాసన చూసి, "నీ లెక్కలు కూడ పుల్లగున్నయే," అనేది. నాకు అంకెలు వచ్చింది కూడా ఆ ఇంట్లోనే. కొట్టగా రాలిన గింజలను పదేసి కుప్పలు పోసి, పది కుప్పలయితే పక్కన ఒక పెంకు ముక్క పెట్టేదాన్ని. బడిలో వంద నేర్పే ముందే నా దగ్గర వంద ఉంది.

అవ్వకు అక్షరం రాదు. కానీ ఎల్లారెడ్డి అంగడిలో ఆమె తూకాన్ని తప్పు పట్టినవాళ్లు లేరు. కొత్త చింతపండు జిగురుగా ఉంటుంది, కాగితంలో కడితే అంటుకుపోతుంది. అందుకని కొనేవాళ్లు ఇంటి నుంచి గిన్నెలో, గంపలో తెచ్చుకునేవాళ్లు. అవ్వ ముందు ఆ వట్టి గిన్నెను ఒక తట్టలో పెట్టేది. రెండో తట్టలో రాయి వేసి, చిన్న చిన్న గులకరాళ్లు కలిపి, ముల్లు సరిగ్గా నడుమ నిలిచే దాకా ఓపిగ్గా చూసేది. దాన్నే పాసంగం కట్టడం అంటారు. అది అయ్యాకే గిన్నెలో చింతపండు, అవతలి తట్టలో తూకం రాళ్లు. ఇప్పుడు కామారెడ్డిలో కరెంటు కాంటా మీద ఒక మీట నొక్కితే గిన్నె బరువు సున్నా అయిపోతుంది. అమ్మేవాడికీ కొనేవాడికీ అది ఎటు పోయిందో తెలియదు, తెలుసుకోవాలనీ ఉండదు. అవ్వ దగ్గర మాత్రం అది కళ్ల ముందే పోయేది. ఒకసారి కొత్తగా వచ్చిన ఒకామె పాసంగం కోసం వేసిన పెద్ద రాయిని చూసి గొడవ పెట్టుకుంది.

"గంత పెద్ద రాయి ఏసినవు, నన్ను ముంచుతున్నవా?"

అవ్వ తలెత్తకుండా అంది: "ఆ రాయి నీ గంపకు మొగడు. మొగడు పెండ్లాం ఇద్దరు కలిసి ఇంటికి వోయిండ్రనుకో. ఇగ మిగిలింది చూడు. మిగిలిందానికే పైసలియ్యి."

అంగడి అంగడంతా నవ్వింది. ఆ గొడవ పెట్టుకున్నామె ఆ తర్వాత అవ్వ దగ్గర తప్ప ఇంకెక్కడా చింతపండు కొనలేదు. అవ్వ తరాజులో ఒక తట్ట ఎప్పుడో కిందపడి అంచు విరిగి, రెండో దానికన్నా కాస్త తేలికగా ఉండేది. ఆ తట్ట కింద ఒక నల్లటి గుండ్రాయి గుడ్డలో కట్టి శాశ్వతంగా వేలాడదీసింది. అదీ పాసంగమే. లింగం పారేస్తానన్న రాయి అదే.

తొమ్మిదో తరగతిలో బహుపదులు వచ్చాయి. మా లెక్కల సారు రోజూ కామారెడ్డి నుంచి బస్సులో వచ్చి వెళ్లేవాడు. చెడ్డవాడు కాదు. కొట్టేవాడు కాదు, సుద్దముక్క విసిరేవాడు కాదు. బస్సులో నిలబడి వచ్చిన అలసట మాత్రం మొదటి పీరియడంతా ఆయన గొంతులో వినిపించేది. బోర్డు మీద x రాసి, దాని నెత్తిన చిన్నగా ఒక అంకె వేసి చెప్పాడు: "నెత్తిమీద అంకెలు చూడుండ్రి. అన్నిట్ల పెద్దది ఏదో అదే ఆ బహుపది పరిమాణం. ఒకటయితే రేఖీయం, రెండయితే వర్గం, మూడయితే ఘనం. అంతే, దీంట్ల తెలివి వెట్టేది ఏంలేదు." నేను లేచి, నెత్తిమీద ఏ అంకే లేకపోతే సున్నానా సర్ అని అడిగాను. "కాదు, రాయకున్నా ఒకటి ఉన్నట్టే," అన్నాడు. ఆ మాట నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. 4x + 7 అని ఉంటే, ఆ x నెత్తిన ఏమీ కనబడదు, అయినా దానికి ఒకటి ఉంది. దాన్ని గీతగా గీస్తే ఎటూ వంగదు, తిన్నగా పోతుంది. x ఎంత పెరిగితే దానికి నాలుగింతలు పెరుగుతుంది, ఇవాళ ఒకలాగా రేపు ఒకలాగా ఉండదు. మా ఇంట్లో పొద్దున లేచింది మొదలు పని చేసే ఆడవాళ్లందరూ నాకు అలాగే కనబడేవాళ్లు. పైన ఏమీ రాసి ఉండదు, లేనట్టూ కాదు. రేఖీయ బహుపది కనబడితే చాలు, నాకు మనిషి కనబడినట్టు ఉండేది.

పరీక్షలో ఒక ప్రశ్న ఇలా ఉంది: కింది వాటిలో రేఖీయ బహుపదులను గుర్తించి కారణం రాయండి. నాలుగు ఇచ్చారు, ఒక్కోదానికి రెండు మార్కులు. మూడు సులువుగా అయిపోయాయి. నాలుగోది x³ + 4x − x³ + 7. పెన్ను పట్టుకుని చూస్తున్నాను. నెత్తిమీద మూడు ఉంది, ఒకటి కాదు, రెండు చోట్ల ఉంది. సారు చెప్పినట్టయితే ఘనం. కానీ నాకు ఆ మొదటి పదం గంపలా, మూడో పదం రాయిలా కనబడ్డాయి. ఇద్దరూ కలిసి ఇంటికి వెళ్లిపోయారు. ముల్లు నడుమ నిలిచింది. మిగిలింది 4x + 7. "ఇది రేఖీయ బహుపది. ఎందుకంటే x³, −x³ ఒకదానితో ఒకటి పోయి 4x + 7 మాత్రమే మిగులుతుంది. దాని పరిమాణం ఒకటి," అని రాశాను. ఆ పరీక్ష మొత్తంలో నేను అనుమానం లేకుండా రాసిన జవాబు అదొక్కటే.

ఫలితాల ముందే ఇంట్లో తీర్పు సిద్ధంగా ఉంది. మా బాపు అప్పుడు గల్ఫ్‌లో కూలిపనిలో ఉన్నాడు, ఇంటి పెత్తనం బాపు అన్న, మా పెద్దబాపుది. ఆయన వాకిట్లో మంచం మీద కూర్చుని ఒకే మాట అన్నాడు: "పాసయితే పదోది సదువుతది. ఫేలయితే బీడీల చాట వడుతది. మల్ల నా దగ్గరికి ఎవ్వరు రావొద్దు." ఆకు కత్తిరిస్తున్న మా అమ్మ చెయ్యి ఆగింది. ఫలితం వచ్చిన రోజు సారు దిద్దిన కాగితాలు క్లాసులో చూడటానికి ఇచ్చాడు. నా జవాబు మీద ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసి, పక్కన ఘన అని రాసి, సున్నా చుట్టాడు. మిగతా సబ్జెక్టులన్నీ పాసు. లెక్కలు ముప్పై మూడు. నేను లేచి, ఇది తప్పు దిద్దారు సర్ అన్నాను. "నెత్తిమీద మూడు కనబడుతలేదా?" అన్నాడు. కనబడుతోంది గానీ మిగలడం లేదు సర్ అన్నాను. కూర్చో అన్నాడు. నేను కూర్చోలేదు. గంట కొట్టే దాకా నిలబడే ఉన్నాను. అంత మొండితనం నాలో ఉందని అప్పటిదాకా నాకే తెలియదు.

ఆ రోజు అంగడి రోజు. నేను బడి నుంచి ఇంటికి పోకుండా తిన్నగా అవ్వ దగ్గరికి పోయి అంతా చెప్పాను. x అంటే ఏమిటో ఆమెకు తెలియదు. "ఏ వస్తువైనా కావచ్చు అవ్వా, ఎంతో తెలువని గంప అనుకో," అన్నాను. "ఒక గంప వెట్టినవు, గసొంటి గంపే తీసినవు. మిగిలింది రాసినవు. గంతేనా?" అంది. అంతే అన్నాను. అమ్మకం పక్కామెకు అప్పజెప్పి, తరాజు భుజాన వేసుకుని, నా చెయ్యి పట్టుకుని బడికి నడిచింది. తట్టలు వీపు మీద గలగలలాడుతుంటే క్లాసుల్లోంచి పిల్లలందరూ తలలు బయట పెట్టి చూశారు. సారు అన్నం డబ్బా కడుక్కుని వస్తున్నాడు.

"ఓ సారూ, మా పొల్లకు రెండు మార్కులు ఎందుకు గొట్టినవు?"

"అవ్వా, ఇది అంగడి గాదు. ఇక్కడ బేరాలు నడువయి."

"బేరం ఎవలు జేస్తున్రు? నేనచ్చింది తూకానికి. ఆ డబ్బ ఇటియ్యి."

ఆయన ఇచ్చే లోపలే డబ్బా అవ్వ చేతిలో ఉంది. కిటికీ చువ్వకు తరాజు తగిలించింది. డబ్బాను ఒక తట్టలో పెట్టి, రెండో తట్టలో రాళ్లు వేసి ముల్లు నడుమ నిలిపింది. తర్వాత కొంగులోంచి ఒక చింతపండు ముద్ద తీసి డబ్బాలో వేసింది. డబ్బా తట్ట కిందికి దిగింది.

"చెప్పు సారూ. డబ్బ పెద్దదా, చింతపండు పెద్దదా?"

"డబ్బే పెద్దది."

"మరి నాకు దేనికి పైసలిస్తవు? పెద్దగ కనవడ్డదని డబ్బకిస్తవా?"

చుట్టూ చేరిన పిల్లలు గొల్లుమన్నారు. సారు కూడా నవ్వాడు. నవ్వుతూనే అన్నాడు: "చింతపండు లెక్క వేరే అవ్వా, గణితం వేరే. నాకు పైనుంచి జవాబుల కాగితం అచ్చింది. దాంట్ల ఘనమనే ఉన్నది. మార్కులు రిజిస్టర్ల ఎక్కినయి. నేనొక్కన్ని ఎట్ల మారుస్త?"

"తప్పయితే ఎవలన్న మార్వాలె గద?"

అప్పుడు ఆయన ఒక మాట అన్నాడు. వదిలించుకోవడానికి అన్నాడో, మనసులో ఎక్కడో అనుమానం తగిలి అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. నా జవాబు కాగితం తెచ్చి అవ్వ చేతిలో పెట్టి, "ఇగో, ఇది తీస్కపో. లెక్కలు వచ్చినోడు ఎవడన్న దీన్ని రేఖీయమంటే నా దగ్గరికి తోల్కరా. నేనే రిజిస్టర్ దిద్దుత. నా మాట," అన్నాడు. అవ్వ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి రైకలో దోపుకుంది. డబ్బా తిరిగి ఇచ్చేటప్పుడు చింతపండు తీసుకోలేదు. "ఉండనియ్యి సారూ, చారు పెట్టుకో," అంది.

తర్వాత వారం రోజులు ఆమె ఎల్లారెడ్డి అంతా తిరిగింది. కిరాణం షావుకారును అడిగింది, పోస్టు తెచ్చేవాణ్ణి అడిగింది, బట్టలు కుట్టేవాణ్ణి అడిగింది. లెక్కలు బాగా వచ్చినోడు ఈ ఊళ్లో ఎవరని. అందరూ ఒకే పేరు చెప్పారు. మా సారు పేరు. అవ్వ ఇంటికొచ్చి గడపలో కూర్చుని, "దొంగ ఇంటికే తాళంచెవి అడగవోయినట్టున్నది గదనే," అంది. కామారెడ్డి పోయి కాలేజీలో ఎవరినైనా అడుగుదామంటే పెద్దబాపు అడ్డం పడ్డాడు. "ఆడివిల్ల రెండు మార్కులకు ఊరూరు తిరుగుతరా? ఇజ్జత్ పోతది," అన్నాడు. మర్నాడు బీడీల చాట నా ఒళ్లోకి వచ్చింది. అవ్వ ఆ కాగితాన్ని తరాజు రాయికి చుట్టి, పైన గుడ్డ కట్టి, తట్ట కింద మళ్లీ వేలాడదీసింది. "ఇక్కడయితే ఎవలు ముట్టరు. లెక్కలు వచ్చినోడు దొరికిన నాడు తీద్దాం," అంది. ఇక అప్పటి నుంచి ఆమె తూచిన ప్రతి తూకంలో నా రెండు మార్కులు ఉన్నాయి, పాసంగంలో కలిసిపోయి, కనబడకుండా.

లెక్కలు వచ్చినవాడు దొరకలేదు. దొరకనప్పుడు నేనే కావాలని నిశ్చయించుకున్నాను. పగతోనే నేర్చుకున్నాను, అందులో దాపరికం లేదు. పక్కింటి పిల్ల పదో తరగతి అయిపోయాక ఆమె పాత పుస్తకం అడిగి తెచ్చుకున్నాను. చాట కింద మోకాళ్ల మీద పుస్తకం, చాటలో బీడీలు. ఒక కట్ట దారం చుట్టే లోపల ఒక లెక్క చదవడం, ఇంకో కట్ట అయ్యేలోపల మనసులో చేయడం. కాగితం లేనప్పుడు తునికాకు వెనుక గోరుతో గీకేదాన్ని. ఆ పుస్తకంలోనే ఒకచోట చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది: పరిమాణం చెప్పే ముందు సజాతి పదాలను కలిపి సూక్ష్మీకరించాలి. అంటే ఒకే రకం పదాలను ముందు కలపాలి, పోయేవి పోగా మిగిలినదాన్నే చూడాలి. ఆ వాక్యం చదివి బీడీల చాట పక్కకు నెట్టి లేచాను. అవ్వకు చదివి వినిపించాను. ఆమె పెద్దగా సంబరపడలేదు. "నేను జెప్పలేదా?" అంది. సారు దగ్గరికి పోదామంటే అప్పటికే ఆయనకు బదిలీ అయిపోయింది. ఎటు పోయాడో బడిలో ఎవరూ సరిగా చెప్పలేదు. ఆ మరుసటి ఏడే నా పెళ్లి.

నా భర్త సాయిలు మేస్త్రీ. గోడ నిలువుగా లేపడంలో కామారెడ్డిలో ఆయన చేతికి వంక పెట్టలేరు. లెక్క మాత్రం ఆయనకు శత్రువు. మొదట ఇటుకల లెక్క నేను వేసిచ్చాను, తర్వాత టైల్స్, తర్వాత కంకర, ఇసుక, స్లాబు ఇనుము. ఇప్పుడు మాచారెడ్డి నుంచి కూడా మేస్త్రీలు కాగితం ముక్కల మీద కొలతలు రాసుకుని మా ఇంటికి వస్తారు. పెద్ద చదువులు చదివినవాళ్లు చేసే తప్పు ఒకటి నేను రోజూ చూస్తాను. గది రెండు పక్కలా రెండింతలు చేస్తే టైల్స్ రెండింతలు చాలనుకుంటారు. నాలుగింతలు కావాలి, ఎందుకంటే నెత్తిన రెండు ఉంది. గోడ అడుగున వేసే పట్టీ మాత్రం రెండింతలే, దాని నెత్తిన ఒకటే. ఏది ఒకటో, ఏది రెండో, ఏది మూడో చూడకుండా పని మొదలుపెడితే మధ్యలో సామాను అయిపోతుంది. పరిమాణం చూడటం నాకు అన్నం పెట్టింది. అంత తెలిసినదానివి ప్రైవేటుగా పదో తరగతి కట్టొచ్చు కదా అని చాలామంది అడిగారు. మొదట్లో వీలు కాలేదు. తర్వాత వీలున్నా కట్టలేదు. పాసైనదాన్ని నేను మళ్లీ ఎందుకు పాసవ్వాలి?

సారు కామారెడ్డిలోనే స్థిరపడ్డాడని నాకు చాలా కాలంగా తెలుసు. బజారులో రెండు మూడుసార్లు చూశాను కూడా. పలకరించలేదు. చేతిలో కాగితం లేకుండా పోయి నోటిమాటగా అడిగితే, నోటిమాటతోనే పంపేస్తాడు. అవ్వ పోయాక ఆ తరాజు ఎక్కడ పెట్టారో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. అందుకే లింగం ఫోన్ చేసినప్పుడు నా కాళ్లు ఆగలేదు. ఆ మధ్యాహ్నం వాడి కొత్త ఇటుకల కుప్ప మీద కూర్చుని గుడ్డ విప్పాను. రాయి నల్లగా, నునుపుగా అలాగే ఉంది. కాగితం మడతల దగ్గర చిరిగింది, చింతపండు మరక పట్టి గోధుమరంగుకు తిరిగింది, ఎర్ర సిరా మాత్రం చెక్కుచెదరలేదు. అంత ముసలి కాగితంలో కూడా ఆ పులుపు వాసన ఉంది. లింగం వంగి చూసి, "ముప్పై మూడేనా? గిదా నువ్వు దాసుకున్నది?" అన్నాడు. ముప్పై అయిదు అన్నాను.

కాకతాళీయమో ఏమో, నెల తిరగకుండానే సాయిలుకు సారు ఇంట్లో పని దొరికింది. ఇంటి ముందు నీళ్ల సంపు పెద్దది చేయాలట. కొలతలకు నేనూ పోయాను, సంచిలో కాగితం పెట్టుకుని. సారు ముసలివాడయ్యాడు, గొంతులో ఆ పాత అలసట మాత్రం అలాగే ఉంది. నన్ను గుర్తుపట్టలేదు. ఉన్న సంపు ఎటు చూసినా నాలుగు అడుగులు.

"నీళ్లు సాల్తలేవమ్మా. పొడుగు, వెడల్పు, లోతు అన్ని రెండింతలు చేసెయ్యుండ్రి. రెండింతల నీళ్లుంటే మాకు మస్తు," అన్నాడు.

"రెండింతలు గాదు సర్, ఎనిమిదింతలు అయితయి. నెత్తిమీద మూడున్నది," అన్నాను. "మీకు రెండింతలే కావాలంటే ఒక్క పొడుగే రెండింతలు చేద్దాం. వెడల్పు, లోతు కదలవు. అప్పుడది రేఖీయం."

ఆయన నా వైపు చూసి నవ్వాడు. "నిజమే గద! నోరు జారిన. నీకు లెక్కలు ఎవరు చెప్పిండ్రమ్మా?"

"సగం మీరు సర్. సగం మా అవ్వ."

సంచిలోంచి కాగితం తీసి ఆయన చేతిలో పెట్టాను. కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు. వేలు నాలుగో లెక్క మీదికి వచ్చి ఆగింది. సాయిలు టేపు చుట్టడం ఆపి నిలబడ్డాడు.

"తరాజు తెచ్చిన అవ్వ," అన్నాడు మెల్లగా. "నా డబ్బల చింతపండు వేసింది."

"ఇది ఏం బహుపది సర్?"

ఆయన తప్పించుకోలేదు. "రేఖీయమే," అన్నాడు. "నాకు ఆ ఏడే తెలిసింది. బస్సుల పోతుంటే తట్టింది. మల్ల బదిలీ అయింది, మరిచిపోయిన. మరిచిపోయిన అంటే, మరిచిపోదామనుకున్న."

"లెక్కలు వచ్చినోడు ఎవడన్న రేఖీయమంటే రిజిస్టర్ దిద్దుత అన్నరు. మా అవ్వ ఊరంతా వెతికింది సర్. అందరు మీ పేరే చెప్పిండ్రు. ఇప్పుడు మీరే అన్నరు."

ఆయన జేబులోంచి పెన్ను తీశాడు. కాగితం మోకాలి మీద పరిచి, ముప్పై మూడు కొట్టేయబోయాడు. నేను కాగితం వెనక్కి లాక్కున్నాను.

"ఇది దిద్దొద్దు సర్. ఇది మా అవ్వ దాసిన కాగితం. దిద్దాల్సింది రిజిస్టర్."

"ఆ రిజిస్టర్ ఇప్పుడు యాడున్నదో ఎవరికి తెలుసు బిడ్డా? చెదలు తిన్నదో, కాలవెట్టిండ్రో. రెండు మార్కులకు ఇన్నేండ్ల పట్టింపు ఏందమ్మా? మంచిగ బతుకుతున్నవు. నాకే తప్పు జెప్పెటంత లెక్క నేర్చినవు. దానికి దీనికి సరిపోలేదా?"

"సరిపోదు సర్. అవి సజాతి పదాలు గావు. కలువయి."

బోర్డు ముందు ఆయనే మాకు నేర్పిన నియమం అది. x³ ని పోగొట్టాలంటే ఇంకో x³ రావాలి. ఎంత పెద్ద 4x తెచ్చి పక్కన పెట్టినా దాన్ని అది ముట్టుకోలేదు, రెండూ దేని చోట అవి నిలబడే ఉంటాయి. నా చేతిలో పని, మా ఇల్లు, మేస్త్రీలు తెచ్చే కాగితాలు, ఇవన్నీ నేను సంపాదించుకున్నవి. ఆ తరగతి గదిలో తీసుకున్నవి వేరే. ఒకటి చూపించి రెండోదాన్ని మాఫీ చేసుకుంటామంటే నేను ఒప్పుకోను. గంపకు రాయి మొగుడు కావాలంటే ముల్లు నడుమ నిలవాలి. ఇక్కడ నిలవలేదు.

సంపు పొడుగు ఎనిమిది అడుగులు, వెడల్పు నాలుగు, లోతు నాలుగు చేశాం. సరిగ్గా రెండింతల నీళ్లు పట్టాయి. పని ముగిసిన రోజు సారు సాయిలుకు కూలి లెక్కగా ఇచ్చి, నా చేతిలో విడిగా ఇంకొంత పెట్టబోయాడు. కూలి తీసుకున్నాం, అది వద్దన్నాను. మళ్లీ బలవంతం చేయలేదు. గేటు దాకా వచ్చి, "బడికి పోయి ఒకసారి అడిగి చూస్త," అన్నాడు. అడిగాడో లేదో, ఇంకా కబురు రాలేదు. రాయి ఇప్పుడు మా ఇంట్లో నేను లెక్కలు వేసే బల్ల మీద ఉంది. కింద ఆ కాగితం. ముప్పై అయిదులోంచి ముప్పై మూడు తీసేస్తే, నాకు ఇవాళ్టికీ రావాల్సినవి రెండు.